తొంభై దగ్గర మొదలయ్యే వణుకు

నెల్లూరు దగ్గరి వెంకటాచలం టోల్‌గేటు దాటి ఐదో గేరు వేశాక 80 దాకా బండి మామూలుగానే ఉంది. 85 దగ్గర స్టీరింగ్ పట్టుకున్న వేళ్లకి చీమలు పాకుతున్నట్టు సన్నటి వణుకు తెలిసింది. 90కి వచ్చేసరికి అది మోచేతుల దాకా ఎక్కింది. లోపలి అద్దంలో వెనక వస్తున్న లారీ హెడ్‌లైట్లు చెదిరిపోయి కనిపించాయి. పక్క సీట్లో అమ్మ ఒళ్లో పెట్టుకున్న స్టీలు సీసా మూత టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఏందిరా ఇది, సీటు కింద ఏరియేటరు పెట్టినట్టుంది" అంది అమ్మ. రొయ్యల చెరువులో నీళ్లు చిలికి గాలి కలిపే మోటారు యంత్రం అది.

ఆ రోజు మేము వెళ్తున్నది చెన్నైకి. అమ్మకి కంటిశుక్లం ఆపరేషన్ అయి పది రోజులే అయింది, డాక్టరు చూపించుకు రమ్మన్నారు. కుదుపు తగలకూడదని మెత్తటి దిండు ఒకటి మెడ వెనక పెట్టి మరీ తీసుకెళ్తున్నాను. ఆ పరిస్థితిలో బండి ఇలా వణికితే నాకు ప్రాణం నిలవలేదు. గూడూరు దగ్గర పక్కకి ఆపి నాలుగు చక్రాల నట్లూ చేత్తో చూసుకున్నాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి. అక్కడి నుంచి చెన్నై దాకా 70 దాటకుండా, ఎడమ పట్టీలోనే నడిపాను.

బండి సంగతి చెప్పాలి. ఇసుజు డి-మాక్స్ వీ-క్రాస్, 2017 మోడల్, 2.5 లీటర్ల డీజిల్, ఐదు గేర్ల మాన్యువల్. మా దారిలోనే తడ పక్కన ఉన్న శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారైన బండి. నేను ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల పని చూసుకుంటాను. వారంలో ఐదు రోజులు మేత బస్తాలు, మినరల్స్, నీళ్ల పరీక్ష కిట్లు వెనక వేసుకుని చెరువు గట్ల మీద తిరుగుతుంది. ఆదివారం ఇంట్లోవాళ్లని ఎక్కించుకుంటుంది. ఏడేళ్లలో హైవే మీద నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలేదు.

భయం మొదలైంది చక్రాలు మార్చాకే. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్17 టైర్లు అరిగిపోయాయి. గట్ల మీద బురదలో జారుతున్నాయని ఈసారి కాస్త పెద్దవి, 265/65 ఆర్17 సైజులో గట్టి గాడులున్న టైర్లు వేయించాను. పాత అల్లాయ్‌ల మీద ఉప్పుగాలికి పొక్కులు లేచాయి కాబట్టి చక్రాలు కూడా కొత్తవే తీసుకున్నాను. బయట కంపెనీవి, ఆరు నట్లవి, చూడ్డానికి బాగున్నవి. పాత చక్రాలు, టైర్లతో సహా, అమ్మేయకుండా షెడ్డులో పెట్టుకున్నాను. ఆ ఒక్క పని చేసి ఉండకపోతే ఈ కథ ఇంకో నెల సాగేది.

చెన్నై నుంచి వచ్చిన మర్నాడే టైర్ల షాపుకి వెళ్లాను. నాలుగు చక్రాలూ ఊడదీసి మళ్లీ బ్యాలెన్సింగ్ చేశారు, అంటే మెషిన్ మీద తిప్పి, బరువు తక్కువున్న చోట చిన్న బిళ్లలు అంటించారు. మెషిన్ తెర మీద తేడా లోపల సున్నా, బయట సున్నా. హైవే మీదకి తీసుకెళ్తే 85 దగ్గర మళ్లీ అదే. రెండోసారి వెళ్లాను, మళ్లీ సున్నాలే. "మెషిన్ మీద జీరో వచ్చిందన్నా, ఇంక మా దగ్గర తేడా ఏం లేదు" అన్నాడు కుర్రాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పడం లేదు, ఆ సున్నా నా కళ్లతో నేనే చూశాను. మూడోసారికి అక్కడున్న పెద్దాయన జాబితా మొదలుపెట్టాడు. అలైన్‌మెంట్ చేయిద్దాం, కాకపోతే కింది ఆర్ము బుష్‌లు మార్చుదాం, వీల్ బేరింగ్ చూద్దాం, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు చేరవేసే పొడుగాటి కడ్డీ) జాయింట్ అయినా కావచ్చు. అన్నీ కలిపితే లెక్క ముప్పై వేలు దాటుతోంది.

అక్కడే ఆగాను. చక్రాలు మార్చకముందు లేని జబ్బు మార్చిన రోజే వచ్చింది. అదే రోజు బుష్‌లూ, బేరింగూ, షాఫ్టూ కలిసి పాడవ్వవు కదా. ముందు వణుకు ఏం చెబుతోందో వినాలి అనుకున్నాను.

వణుక్కి ఒక లెక్క ఉంటుంది. నా కొత్త టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.4 మీటర్లు ముందుకి పోతుంది. 90 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 25 మీటర్లు. అంటే ఒక్కో చక్రం సెకనుకు పది చుట్ల పైచిలుకు తిరుగుతోంది. చక్రంలో ఒకచోట బరువు ఎక్కువున్నా, ఒకచోట ఎత్తు ఎక్కువున్నా, చుట్టుకి ఒక దెబ్బ చొప్పున సెకనుకి పది దెబ్బలు. ఇది చేతికి విడివిడిగా, కుదుపులా తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ అయితే చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది. దాంట్లో తేడా ఉంటే సెకనుకి నలభై దెబ్బలు. అది కుదుపులా ఉండదు, తేనెటీగ రొదలా, అరికాళ్ల కింద ఝుమ్మని ఉంటుంది. నా చేతికి తెలిసింది కుదుపే, రొద కాదు.

ఇంకొకటి. 85 నుంచి 100 మధ్యే ఎందుకు, 60లో ఎందుకు లేదు? చక్రం, దాన్ని బిగించే హబ్, బ్రేకు అన్నీ కలిసి స్ప్రింగు కింద వేలాడే బరువు. ఆ బరువుకి సొంతంగా ఊగే వేగం ఒకటుంది. మామూలు బండ్లలో సెకనుకి పది నుంచి పదిహేను సార్ల దగ్గర ఉంటుంది. చక్రం కొట్టే దెబ్బ ఆ వేగంతో కలిసినప్పుడు ఉయ్యాలని సరిగ్గా సమయం చూసి తోసినట్టు అవుతుంది. చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది. అందుకే 110కి వెళ్తే కొంత తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గింది కదా అని స్పీడు పెంచి నడిపేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. దెబ్బ తగ్గలేదు, వేగంతో పాటు ఇంకా పెరిగింది. బండి దానికి తోడుగా ఊగడం మానేసింది, అంతే.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఒక్కడినే బయల్దేరాను. ముందు కంపెనీ స్టిక్కరు చూసి గాలి సరిచేసుకున్నాను. షాపులో నాలుగింటికీ 42 పీఎస్ఐ కొట్టి పంపారు, అంత గాలితో టైరు రాయిలా అయిపోయి ప్రతి దెబ్బా లోపలికి పంపుతుంది. రాత్రంతా నిలబెట్టిన టైరు కింద కొంచెం చపటగా అవుతుంది, అందుకని మొదటి పదిహేను కిలోమీటర్లు లెక్కలోకి తీసుకోలేదు. తర్వాత 92 దగ్గర వణుకుని పట్టుకుని ఒక్కొక్కటే చూశాను.

ఐదో గేరు నుంచి నాలుగుకి దింపి అదే 92లో నడిపాను. ఇంజిన్ పైకి అరిచింది, వణుకు మారలేదు. అయితే ఇంజిన్ కాదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వదిలాను. ఇక్కడ ఇంజిన్ ఆపకూడదు, ఆపితే బ్రేకూ స్టీరింగూ బిగుసుకుపోతాయి. న్యూట్రల్‌లోనూ అదే వణుకు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినా, పూర్తిగా వదిలినా తేడా లేదు. లోడు పడ్డప్పుడే పెరిగితే జాయింట్లని అనుమానించాలి, నాకు అలా లేదు. నెమ్మదిగా బ్రేకు వేశాను. బ్రేకు వేసినప్పుడే స్టీరింగ్ ఊగితే డిస్కులు, నాకు వేయకముందే ఊగుతోంది. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక అంచు అరుగుతుంది. అంతేగానీ 90 దగ్గర మొదలై 110 దగ్గర తగ్గే వణుకు దానివల్ల రాదు. అలైన్‌మెంట్‌కి పెట్టాల్సిన మూడు వేలు అక్కడ మిగిలాయి.

వణుకు ఎక్కడ తెలుస్తోందన్నది కూడా చూశాను. స్టీరింగ్‌లో అయితే ముందు చక్రాలు, సీట్లో, నడుము కింద అయితే వెనక చక్రాలు అంటారు. చాలావరకు నిజమే. నాకు రెండూ ఉన్నాయి. స్టీరింగ్‌లో పెద్దది, దాని వెనక దాక్కుని సీట్లో చిన్నది ఒకటి. అప్పుడు దాన్ని నేను అంతగా పట్టించుకోలేదు.

ఇంటికొచ్చాక షెడ్డులో ఉన్న పాత చక్రాలు నాలుగూ బిగించి మళ్లీ హైవే ఎక్కాను. 80, 90, 100. స్టీరింగ్ మీద రెండు వేళ్లు ఆనించి పెట్టాను. ఏమీ లేదు. నున్నగా పోయింది. ఆ క్షణం నాకు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు. బేరింగు, బుష్, షాఫ్టు, బ్రేకు డిస్కు అన్నిటికీ ఒకేసారి క్లీన్‌చిట్ వచ్చేసింది. జబ్బు బండిది కాదు, కొత్త చక్రాలది. లేదా అవి బండి మీద కూర్చున్న తీరుది. పాత చక్రాలు ఉంచుకున్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే. లేనివాళ్లు అదే బండి ఉన్న స్నేహితుణ్ని ఒక పూట అడిగి తెచ్చుకున్నా తప్పులేదు.

తర్వాత ముందు పాతవి, వెనక కొత్తవి వేశాను. స్టీరింగ్ శుభ్రంగా ఉంది, సీట్లో మాత్రం 95 దగ్గర సన్నగా ఊగుతోంది. అంటే రెండు వేర్వేరు జబ్బులు. ఒకటి ముందు జత కొత్త చక్రాల్లో, ఇంకొకటి వెనక జతలో. షాపులో దీన్ని ఒకే జబ్బు అనుకుని వెతికాం, అందుకే దొరకలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం చెరువు దగ్గర షెడ్డులో పని పెట్టుకున్నాను. చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు ఎడమవైపు జాకీ వేసి లేపి, ఛాసిస్ కింద స్టాండు పెట్టాను. ఒట్టి జాకీ మీద ఉన్న బండి దగ్గర చెయ్యి పెట్టకండి, ఎంత చిన్న పనైనా సరే. మళ్లీ కొత్త చక్రం బిగించే ముందు హబ్‌ని మొదటిసారి పరీక్షగా చూశాను. మధ్యలో ముందుకి పొడుచుకుని ఒక గుండ్రటి భాగం ఉంటుంది, చక్రం మధ్య రంధ్రం దాని మీద కూర్చోవాలి. వెర్నియర్‌తో కొలిస్తే హబ్ గుండు 100 మిల్లీమీటర్లు. చక్రం రంధ్రం 106. చుట్టూ మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ. నా చిటికెన వేలి గోరు అందులో దూరింది.

ఇందులో మోసమేమీ లేదు. ఆరు నట్లు, 139.7 మిల్లీమీటర్ల వృత్తం చాలా పికప్‌లకీ ఎస్‌యూవీలకీ ఒకటే కొలత. టొయోటా హైలక్స్ హబ్ 106 ఉంటుంది, డి-మాక్స్ హబ్ 100. బయట చక్రాలు చేసేవాళ్లు పెద్ద కొలతకి రంధ్రం చేస్తే రెండిటికీ ఎక్కుతుంది. ఎక్కడమైతే ఎక్కుతుంది. కానీ చక్రాన్ని మధ్యలో నిలబెట్టే పని హబ్ చేయదు, ఆ భారమంతా నట్ల మీద పడుతుంది. నట్టు చివర కోను ఉంటుంది, అది చక్రం రంధ్రంలోని కోనులో కూర్చుంటూ చక్రాన్ని మధ్యకి లాగాలి. జాగ్రత్తగా బిగిస్తే లాగుతుంది కూడా. కానీ బండిని నేల మీదకి దింపేసి, దాని బరువు చక్రం మీద పడ్డాక, ఎయిర్ గన్‌తో మొదటి నట్టునే పూర్తిగా బిగించేస్తే చక్రం ఎక్కడుందో అక్కడే అతుక్కుపోతుంది. మిగతా ఐదు నట్లు దాన్ని కదిలించలేవు. షాపులో నా కళ్ల ముందు జరిగింది అచ్చంగా అదే.

సున్నా చూపించిన మెషిన్ గుట్టు అప్పుడు అర్థమైంది. మెషిన్ మీద చక్రం మధ్య రంధ్రంలో కోను పెట్టి బిగిస్తారు. అక్కడ చక్రం తన నిజమైన నడిమధ్య చుట్టూ తిరుగుతుంది. బండి మీద మాత్రం నట్లు ఎక్కడ పట్టుకుంటే ఆ మధ్య చుట్టూ తిరుగుతుంది. రెండు వేర్వేరు కేంద్రాలు. మెషిన్ నిజమే చెప్పింది, కాకపోతే అది తన మీద ఉన్న చక్రం సంగతి చెప్పింది. నా బండి మీద ఉన్న చక్రాన్ని అది చూడనే లేదు.

ఎంత పక్కకి ఉందో కొలవాలి. డయల్ గేజి నా దగ్గర లేదు. షెడ్డులో పాడైపోయిన ఏరియేటరు గేర్‌బాక్సు ఒకటి పడి ఉంది, బరువైనది, కదలదు. దానికి ఒక స్క్రూడ్రైవరుని తీగతో కట్టి, దాని మొన రిమ్ము అంచుకి దాదాపు తగిలేలా పెట్టాను. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ మొనకీ రిమ్ముకీ మధ్య సందులో ఫీలర్ గేజి ఆకులు, అంటే మిల్లీమీటర్లలో మందం రాసి ఉన్న పల్చటి రేకులు, దూర్చి చూశాను. ఒకచోట 0.4 ఆకు బిగువుగా పట్టింది. సగం చుట్టు తిప్పేసరికి రెండు ఆకులు కలిపి 1.3 పట్టింది. తేడా 0.9 మిల్లీమీటర్లు. అంటే చక్రం నడిమధ్య నుంచి అందులో సగం, 0.45 మిల్లీమీటరు పక్కకి జరిగి కూర్చుంది.

అర మిల్లీమీటరు కూడా లేదు కదా అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి కాగితం మీద లెక్క వేశాను. టైరుతో కలిపి చక్రం 30 కిలోలు. 30 కిలోలు 0.45 మిల్లీమీటరు పక్కకి జరగడమంటే, 17 అంగుళాల రిమ్ము అంచున సుమారు 60 గ్రాముల బరువు అంటించినంత తేడా. షాపులో 5 గ్రాముల తేడా వస్తే ఇంకో బిళ్ల అంటిస్తారు. ఇక్కడ 60 గ్రాములు ఏ తెర మీదా కనపడకుండా తిరుగుతున్నాయి. పైగా టైరు గుండ్రం కూడా అంతే పక్కకి జరిగింది కాబట్టి చుట్టుకి ఒకసారి బండిని లేపి దించుతోంది. కొత్త చక్రాలు పాతవాటికన్నా కొంచెం బయటికి వచ్చి కూర్చుంటాయి, ఆ దూరం వల్ల ప్రతి దెబ్బా స్టీరింగ్‌కి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

నట్లన్నీ వదులు చేసి, చక్రం గాల్లో ఉండగానే, ఆరింటినీ వేళ్లతో తిప్పాను. చక్రాన్ని కొంచెం ఊపుతూ ఒక నట్టు, దాని ఎదురు నట్టు, అలా స్పానరుతో కొంచెం కొంచెంగా బిగించాను. తర్వాతే కిందికి దించి టార్క్ రెంచ్‌తో 120 న్యూటన్ మీటర్లకి తెచ్చాను. మళ్లీ లేపి కొలిస్తే తేడా 0.9 నుంచి 0.3కి దిగింది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ఆ సాయంత్రం హైవే మీద స్టీరింగ్ వణుకు మూడొంతులు పోయింది.

కానీ నేను ఉండేది చెరువుల మీద. పంక్చరైతే ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట గన్‌తో బిగిస్తారు. ప్రతిసారీ నేను పక్కన ఉండను. చక్రం తప్పుగా కూర్చోవడానికి వీలే లేకుండా చేయాలి అనుకున్నాను. దానికి హబ్‌కీ చక్రానికీ మధ్య ఖాళీ నింపే రింగులు ఉంటాయి. ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్‌వి దొరుకుతాయి, నా కొలత దొరకలేదు. ట్రంకు రోడ్డు వెనక సందులో ఒక లేత్ షాపు ఉంది. అక్కడి మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. చక్రం ఒకటి, హబ్ కొలతలు రాసిన కాగితం పట్టుకుని వెళ్లాను. ఆయన కాగితం పక్కన పెట్టేసి, "బండి తెచ్చినావా నాయనా?" అని అడిగాడు. బయటికొచ్చి, చక్రం విప్పించి, హబ్‌ని తన వెర్నియర్‌తో మూడుచోట్ల కొలిచాడు. చక్రం రంధ్రాన్ని కూడా అటూ ఇటూ తిప్పి కొలిచాడు. అప్పుడుగానీ కాగితం మీద ఏదీ రాసుకోలేదు.

అల్యూమినియం గుండ్రాన్ని చక్‌లో బిగించి బయటి కొలత తీశాడు. చివరి కోతల్లో టూలుని వెంట్రుకవాసి ముందుకి జరిపి, ఒకసారి పోనిచ్చి, మిషన్ ఆపి, చక్రాన్ని చేత్తో ఎత్తి రింగు మీద ఆనించి చూసేవాడు. ఎక్కలేదు. మళ్లీ కొంచెం. నాలుగోసారి చక్రం రంధ్రంలోకి రింగు బొటనవేళ్ల ఒత్తిడికి మెత్తగా, గాలి బయటికి తోస్తున్నట్టు జారింది. వదులు లేదు, బిగువూ లేదు. "సుత్తి పట్టకూడదు, ఊడి పడకూడదు. దీనికి ఇంతే" అన్నాడు. గోడ మందం మూడు మిల్లీమీటర్లున్న ఆ రింగుల్ని వెల్తురులో పెట్టి చూస్తే లోపలి గీతలు పళ్లెం మీద వలయాల్లా మెరిశాయి. నాలుగింటికి 1,400 రూపాయలు తీసుకున్నాడు. ఆ చేతి పనికి అది తక్కువే, ఇంకో వంద ఇస్తే తీసుకోలేదు.

రింగు బండి బరువు మోయదని గుర్తుపెట్టుకోవాలి. బరువు మోసేది నట్ల బిగువు వల్ల చక్రానికీ హబ్ ముఖానికీ మధ్య పుట్టే పట్టు. రింగు చేసేది బిగించేటప్పుడు చక్రాన్ని మధ్యలో నిలబెట్టడం, అంతవరకే. అందుకే ఆ రెండు ముఖాలూ శుభ్రంగా ఉండాలి. నా హబ్ ముఖం మీద ఎర్రటి తుప్పు పొర, ఎండిన బురద ఉన్నాయి. వైర్ బ్రష్‌తో గీకి తీశాను. మాది ఉప్పుగాలి, అల్యూమినియం ఇనుము మీద అతుక్కుపోతుంది. రింగు లోపలివైపు మాత్రమే పల్చగా గ్రీజు రాశాను. ముఖానికి గానీ, బోల్టు మరలకి గానీ తగలనివ్వలేదు. మరలకి గ్రీజు పడితే రెంచ్ చూపించిన 120 నిజంగా 120 కాదు, నట్టు అంతకంటే ఎక్కువ బిగుసుకుని బోల్టు సాగుతుంది.

రింగులతో ముందు చక్రాల తేడా 0.15కి వచ్చింది. స్టీరింగ్ నిమ్మళంగా ఉంది.

ఇక మిగిలింది సీట్లో వణుకు. వెనక కూడా రింగులు వేశాను, తగ్గింది, పోలేదు. ఇప్పుడు అనుమానం టైరు మీదికి మళ్లింది. టైరు పక్కగోడ మీద, రిమ్ముకి దగ్గరగా, చుట్టూ ఒక సన్నటి గీత పోసి ఉంటుంది. టైరు రిమ్ములో సరిగ్గా కూర్చుందా లేదా చూసుకోవడానికే ఆ గీత. చుట్టూ రిమ్ముకీ గీతకీ మధ్య దూరం ఒకేలా ఉండాలి. వెనక కుడి చక్రం దగ్గర కూర్చుని సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. వాల్వ్ దగ్గర గీత బాగానే కనిపిస్తోంది, స్కేలుతో కొలిస్తే 8 మిల్లీమీటర్లు. ఎదురు వైపుకి వచ్చేసరికి గీత రిమ్ములోకి కుంగిపోయి 3 మిల్లీమీటర్లే ఉంది. లోపలి పక్క కూడా అంతే. టైరు అంచు ఒకచోట రిమ్ము మీదకి పూర్తిగా ఎక్కనే లేదు. గుండ్రంగా ఉండాల్సిన టైరు కోడిగుడ్డులా తిరుగుతోంది. ఆ కోడిగుడ్డుకే మూడుసార్లు బరువులు అంటించి సున్నా తెచ్చారు. బరువు సమానమైతే గుండ్రం అయినట్టు కాదు.

ఈసారి వేరే షాపుకి తీసుకెళ్లి, విషయం ముందే చెప్పాను. అక్కడి అబ్బాయి గీత చూసి, ఇంకో మాట అడగలేదు. గాలంతా తీసేసి, అంచు వదులు చేసి, రెండు వైపులా సబ్బునీళ్లు దండిగా పూశాడు. మళ్లీ గాలి పెడుతుంటే రెండుసార్లు టప్, టప్ మని గట్టిగా శబ్దం వచ్చింది. ఆ శబ్దం కోసమే నేను అంతసేపూ నిలబడ్డాను. చుట్టూ గీత 7 మిల్లీమీటర్లకి సమానంగా వచ్చింది. "కోను వెనకవైపు నుంచి పెట్టు తమ్ముడూ" అని అడిగాను. హబ్ మీద కూర్చునేది రంధ్రం వెనక వైపు కదా, మెషిన్ కూడా అక్కడే పట్టుకోవాలి. పాత బిళ్లలన్నీ పీకేసి మొదటి నుంచి బ్యాలెన్స్ చేశాడు. ఇంతకుముందు ఆ చక్రానికి 95 గ్రాములు అంటించి ఉన్నాయి. ఇప్పుడు 40 సరిపోయాయి. ఒక చక్రానికి గుట్టలు గుట్టలుగా బరువులు పడుతున్నాయంటే అది బ్యాలెన్సింగ్ సమస్య కాదు, లోపల ఇంకేదో ఉందని అర్థం. అక్కడే టైరు ఊడదీసి చూడమని అడగండి.

నాలుగింటిలో ఒక టైరు మాత్రం పుట్టుకతోనే కొంచెం ఎత్తుపల్లం. రిమ్ము దాదాపు సరిగ్గా ఉంది, గీత సరిగ్గా ఉంది, అయినా ట్రెడ్ మీద కొలిస్తే మిల్లీమీటరు పైన తేడా. దాన్ని రిమ్ము మీద సగం చుట్టు తిప్పించాను. రిమ్ములో ఉన్న చిన్న పల్లం దగ్గరికి టైరులో ఉన్న ఎత్తు వస్తే ఒకదాన్నొకటి కొంత తినేస్తాయి. కొంత తగ్గింది. ఆ చక్రాన్ని వెనక ఎడమవైపు వేశాను. అక్కడ కమాన్ కట్టల మీద, మేత బస్తాల బరువు కింద అది ఎవరినీ ఇబ్బంది పెట్టదు.

పోయిన గురువారం అమ్మని మళ్లీ చెన్నై తీసుకెళ్లాను. బయల్దేరే ముందురోజు, రింగులు వేశాక వంద కిలోమీటర్లు తిరిగింది కాబట్టి, నట్లన్నిటికీ రెంచ్ మళ్లీ పెట్టాను. ముందు కుడివైపు రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి, మిగతావి కదల్లేదు. వెంకటాచలం దాటాక 85, 90, 95. అద్దంలో వెనక లారీ లైట్లు రెండూ రెండుగానే ఉన్నాయి. స్టీలు సీసా అమ్మ ఒళ్లో లేదు, గేరు పక్కన పెట్టింది, మూత చప్పుడు చేయలేదు. నాయుడుపేట దాకా ఆవిడ బండి గురించి ఒక్క మాట కూడా అనలేదు, కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని దారి పొడుగునా చెరువుల్లో ఎవరెవరు పంట తీశారో చూసి నాకు చెబుతూ కూర్చుంది.